పాలీహౌస్ వల దాటొచ్చిన పురుగులు, వల బయటే ఆగిపోయిన మిత్రులు

ధర్మసాగర్ దగ్గర 20 గుంటల పాలీహౌస్, అంటే పైన పాలిథిన్ కప్పు, చుట్టూ వల ఉన్న సాగు ఇల్లు. లోపల క్యాప్సికం, నిండా పూత మీద ఉంది. ఒక పువ్వు కింద తెల్ల కాగితం పట్టి, కొమ్మను రెండుసార్లు వేలితో తట్టాను. సన్నటి పెన్సిల్ గీతల్లాంటి పురుగులు ఏడెనిమిది రాలి కాగితం మీద పరుగు తీశాయి. ఒక్కోటి మిల్లీమీటరు పొడవు ఉంటుందేమో. కొన్ని లేత పసుపు, కొన్ని నల్లవి. తామర పురుగులు. రైతు కాసేపు ఆ కాగితం వైపే చూసి అడిగాడు: "చుట్టూ వల ఉంది గదా, ఇవి లోపటికి ఎట్ల వచ్చినయి?"

వరంగల్ వైపు మిర్చి పండించేవాళ్లకు తామర పురుగు పేరు చెబితే 2021-22 సీజన్ గుర్తొస్తుంది. మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద కనిపించిన నల్ల తామర పురుగు, ఆ ఏడాది తెలంగాణ, ఆంధ్ర మిర్చి తోటల్లో పూత మీద పడి కాయ పట్టకుండా చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పటి నుంచి "సహజ నియంత్రణ" అనే మాట ఊళ్లలో బాగా వినిపిస్తోంది. ఒకరు వేప నూనె అంటారు, ఒకరు మిత్ర పురుగులంటారు, మందుల దుకాణంలో "బయో" అని రాసిన సీసా చేతిలో పెడతారు. పక్క రైతుకు పనిచేసిన పద్ధతి మనకు పనిచేయదు. అలా ఎందుకవుతుందో తెలియాలంటే మొదట ఆ మాటను విడదీయాలి.

ఒక్క మాట కింద నాలుగు పనులు

సహజ నియంత్రణ అన్నప్పుడు జనం కలిపేస్తున్నవి నిజానికి నాలుగు.

మొదటిది, పురుగును పురుగుతో తినిపించడం. అక్షింతల పురుగు, అల్లిక రెక్క పురుగు, పరభక్షక నల్లి ఇలా తినేవి. వీటిని పరభక్షులు అంటారు. శత్రు పురుగు గుడ్డులోనో ఒంట్లోనో తన గుడ్డు పెట్టి, లోపలి నుంచి తినేసే చిన్న కందిరీగ జాతి పురుగులు ఇంకో రకం. వీటిని బదనికలు అంటారు. రెండోది, పురుగుకు జబ్బు తెప్పించే సూక్ష్మజీవులు. బవేరియా, మెటారైజియం, వెర్టిసీలియం అనే బూజులు, బీటీ అనే బ్యాక్టీరియా ఈ కోవలోవి. మూడోది మొక్కల నుంచి తీసిన మందు. వేప నూనె, వేప గింజల కషాయం అందరికీ తెలిసినవే. నాలుగోది పురుగును రానివ్వకపోవడం, వచ్చినదాన్ని పట్టుకోవడం. వల, రెండు తలుపుల ప్రవేశం, పసుపు, నీలం జిగురు అట్టలు ఇందులోకి వస్తాయి.

ఈ నాలుగూ పనిచేసే తీరు వేరు, పట్టే సమయం వేరు. ఒకదానికొకటి అడ్డు కూడా పడతాయి. ట్రైకోగ్రామా అనే బదనిక ఉన్న గుడ్లను అతికించిన కార్డులనే తీసుకోండి. అవి కాయతొలిచే పురుగు లాంటి సీతాకోక జాతి పురుగుల గుడ్ల మీదే పనిచేస్తాయి. తామర పురుగు గుడ్డు ఆకు పొరలోపల ఉంటుంది, ఆ బదనిక దాని జోలికే పోదు. అయినా తామర పురుగు కోసం ట్రైకో కార్డులు కట్టి, మిత్ర పురుగులు దండగ అనుకున్న రైతులను చూశాను. తప్పు వాళ్లది కాదు, ఏ పురుగుకు ఏది అన్నది వాళ్లకు ఎవరూ సరిగా చెప్పలేదు.

వల ఎవరిని ఆపుతుంది

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వద్దాం. పాలీహౌస్‌ల పక్కలకు ఎక్కువగా 40 మెష్ వల కడతారు. అంటే అంగుళం పొడవులో 40 రంధ్రాలు. దారం మందం తీసేస్తే ఒక్కో రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటర్లు. తామర పురుగు వెడల్పు 0.2 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, తెల్లదోమ ఛాతీ 0.25 దగ్గర. రెండూ ఇరుక్కోకుండా దూరగలవు. నల్లికి ఆ రంధ్రంతో కూడా పని లేదు. గాలితో వస్తుంది, కూలీల బట్టల మీద వస్తుంది, నారుతో పాటే వస్తుంది.

అదే వల ముందు అక్షింతల పురుగు వచ్చి వాలితే? దాని ఒళ్లు ఆ రంధ్రం కంటే చాలా రెట్లు పెద్దది. అల్లిక రెక్క పురుగు ఇంకా పెద్దది. సాలీడు, తూనీగ, పిచ్చుక ఏవీ లోపలికి రాలేవు. బయట మిర్చి చేనులో పేనుబంక పడితే వారంలోపే అక్షింతల పురుగులు వెతుక్కుంటూ వస్తాయి, ఎవరూ పిలవక్కర్లేదు. పాలీహౌస్ లోపల పేనుబంకను అడిగే నాథుడు లేడు. పైగా వాన పడదు, గాలి కొట్టదు, ఏడాది పొడవునా లేత ఆకు దొరుకుతుంది.

కాబట్టి పాలీహౌస్‌లో సహజ నియంత్రణ అంటే మందుకు బదులు ఇంకో మందు వెతుక్కోవడం కాదని నేననుకుంటాను. వల బయట ఆపేసిన మిత్రులను మన చేత్తో లోపలికి తెచ్చి, అక్కడ బతికేలా చూసుకోవడం. ఈ రెండో సగాన్నే చాలామంది వదిలేస్తున్నారు.

వల ఇంకా సన్నది కట్టొచ్చు కదా అంటారు. కట్టొచ్చు. కానీ రంధ్రం చిన్నదైన కొద్దీ గాలి ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో బయటే 42, 43 డిగ్రీలుండే మన దగ్గర గాలి ఆడని పాలీహౌస్‌లో పూత రాలిపోతుంది. పురుగును ఆపబోయి పంటనే ఉడికించుకున్నట్టవుతుంది. ఈ తూకం ఎప్పటికీ పూర్తిగా సరిపోదు. రెండు తలుపుల గది, లోపలికి వెళ్లేవాళ్ల బట్టల శుభ్రత, నారు కొనేటప్పుడే ఆకుల అడుగు తిప్పి చూడటం ఇవన్నీ ఆ లోటును కొంత పూడుస్తాయి.

ముడత ఎటు తిరిగిందో చూడండి

ఆకు ముడుచుకుంటే చాలు, మన దగ్గర "ముడత వచ్చింది" అని ఒకే మాట అంటారు. ఆ ఒక్క మాటతో మందు తెచ్చుకుంటారు. కానీ ముడత ఎటు తిరిగిందన్నదే అసలు సంగతి.

ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పై ముడత, తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెలా మారి, ఆకు సన్నగా సాగి, కాడ పొడుగైతే అది కింది ముడత, తెల్లనల్లి పని. మొక్క గిడసబారి, ఆకులు చిన్నవై, ఈనెలు దట్టంగా తేలి కుచ్చులా అయితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, మన వాళ్లు బొబ్బర అనేది. మొదటి రెండింటిలో పురుగును అదుపు చేస్తే కొత్త చిగురు బాగుపడుతుంది. మూడోది ఆ మొక్కకు తగ్గదు, పీకి తీసేయాలి.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో చూడండి. నల్లి పురుగు జాతి కాదు, సాలీడు జాతి. ఎనిమిది కాళ్లు ఉంటాయి. పురుగుల కోసం చేసిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందు కొడితే నల్లి పెద్దగా చావదు, దాన్ని తినే పరభక్షక నల్లి మాత్రం చచ్చిపోతుంది. వారం తర్వాత నల్లి రెట్టింపవుతుంది. ఆ మందు ఆకు మీద మిగిల్చే ప్రభావం పరభక్షక నల్లికి 8 నుంచి 12 వారాల దాకా ప్రమాదమే. అంటే ఈ రోజు ఆ మందు కొట్టి, వచ్చే నెల మిత్ర నల్లిని కొని వదిలితే ఆ డబ్బు నేలపాలు.

పేనుబంక, పిండినల్లి గురించి రెండు మాటలు చాలు. రెండూ జిగురు కారుస్తాయి, ఆ జిగురు కోసం చీమలు వచ్చి వాటికి కాపలా కాస్తాయి. చీమల బారు కనిపిస్తే దాని వెంట వెళ్లండి, పురుగు దొరుకుతుంది. పేనుబంక గుంపులో కొన్ని బంగారు గోధుమ రంగులో ఉబ్బి కదలకుండా, వీపు మీద గుండ్రటి రంధ్రంతో కనిపిస్తే అక్కడ బదనిక పనిచేస్తోందని అర్థం. ఆ ఆకులు తెంపి పారేయొద్దు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్ల పురుగు ఒంటి నిండా తెల్లటి మైనపు కుచ్చులతో అచ్చం పెద్ద పిండినల్లిలాగే ఉంటుంది. తేడా ఒక్కటే, చురుగ్గా నడుస్తుంది. ఆ తేడా తెలియక మిత్రుణ్ణే నలిపి చంపేవాళ్లు చాలామంది.

సోమవారం కొట్టిన మందు శనివారానికి ఏమైంది

తామర పురుగు బతుకు నాలుగు చోట్ల సాగుతుంది. ఆడ పురుగు గుడ్డును ఆకు పొరను చీల్చి లోపల పెడుతుంది. నాలుగైదు రోజులకు పిల్ల పురుగు బయటికొచ్చి ఆకునో పువ్వునో గీకి రసం పీలుస్తుంది. మరో నాలుగైదు రోజులకు నేల మీదికి రాలి, మట్టిలో మూడు నాలుగు రోజులు నిద్రావస్థలో ఉంటుంది. తర్వాత రెక్కలతో లేచి మళ్లీ పువ్వులోకి చేరుతుంది. వెచ్చటి వాతావరణంలో ఈ చక్రమంతా రెండు వారాల్లో తిరుగుతుంది.

సోమవారం పొద్దున తగిలితే చచ్చే మందు కొట్టారనుకుందాం. ఆకు మీదున్న పిల్ల పురుగులు, రెక్కల పురుగుల్లో చాలా భాగం చనిపోతాయి. ఆకు పొరలోని గుడ్డుకు మందు తగలదు, మట్టిలో ఉన్నదానికీ తగలదు. మంగళవారం తోట శుభ్రంగా కనిపిస్తుంది. గురువారం నాటికి మట్టిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, శుక్రవారం నాటికి గుడ్లు పగులుతాయి. శనివారం కాగితం పట్టి తడితే మళ్లీ అవే గీతలు. మందు పనిచేయలేదని రైతు మోతాదు పెంచుతాడు, లేదా రెండు మందులు కలిపి కొడతాడు. ఆ టెన్షన్‌లో అలా చేయడం సహజమే. కానీ మందు తగిలినా తట్టుకున్న కొన్ని పురుగులే మిగిలి, వాటి సంతానమే తోటంతా నిండుతుంది.

మిత్ర జీవుల బలం సరిగ్గా ఇక్కడే. పువ్వు లోపలికి మన పంపు పొగమంచు చేరదు, ఓరియస్ అనే చిన్న పరభక్షక పురుగు చేరుతుంది. మట్టిలోని దశను మెటారైజియం బూజు పట్టగలదు. ఒక్కటే అన్నీ చేయదు, దశకొకటి కావాలి.

పది రోజుల ఆలస్యం లెక్క

మిత్ర పురుగులు పనిచేయలేదు అనే మాట వెనక ఎక్కువసార్లు ఉండేది ఆలస్యమే. ఎర్రనల్లితో ఒక లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడిలో దానికి ఒక తరం 10 రోజుల లోపే పూర్తవుతుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 10 రోజులకు ఒక తరం, తరానికి 20 రెట్లు అనుకుందాం. జత కట్టని ఆడ నల్లి కూడా గుడ్లు పెడుతుంది, వాటి నుంచి మగవి పుడతాయి, వాటితోనే జత కట్టి మంద పెంచుతుంది. అంటే మొదలు కావడానికి ఒక్కటి చాలు. మనం 20తో మొదలుపెడదాం.

మొదటి రోజు 20. పదో రోజుకు 400. ఇరవయ్యో రోజుకు 8,000. ముప్పయ్యో రోజుకు 1,60,000.

పరభక్షక నల్లిని సాధారణంగా 10 నుంచి 20 శత్రు నల్లులకు ఒకటి చొప్పున వదలాలి. 20కి ఒకటి అనుకుంటే పదో రోజున 20 చాలు. ఇరవయ్యో రోజున 400 కావాలి. ముప్పయ్యో రోజున 8,000 కావాలి. మామూలుగా చూస్తే ఆకుల మీద తెల్లటి చుక్కలు, సన్నటి బూజు లాంటి గూళ్లు మన కంటికి కనిపించేది ఇరవయ్యో రోజు తర్వాతే. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దంతో వారానికోసారి ఆకుల అడుగు చూసే రైతుకు పదో రోజునే తెలుస్తుంది. జేబులో పెట్టుకునే ఆ భూతద్దం లేకుండా పాలీహౌస్‌లో మిత్ర పురుగుల మాట ఎత్తడం దండగ అని నా అభిప్రాయం.

చల్లటి దేశం పాఠాలు, మన ఎండ

ఈ విద్య ఎక్కువగా పెరిగింది చల్లటి దేశాల గాజు ఇళ్లలో. 1926లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక టమాటా రైతు, ఆకుల మీద తెల్లగా ఉండాల్సిన తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లగా ఉండటం గమనించి పరిశోధకులకు చూపించాడు. లోపల ఎన్‌కార్సియా అనే బదనిక ఉంది. దాన్ని పెంచి రైతులకు పంచారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ లాంటి మందులు రాగానే ఆ పని మూలనపడింది. మందులకు పురుగులు అలవాటు పడ్డాక మళ్లీ దుమ్ము దులిపారు. 1950ల చివర్లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద ఫైటోసియులస్ పెర్సిమిలిస్ అనే పరభక్షక నల్లి దొరికింది. ఎర్రనల్లిని తినడంలో ప్రపంచమంతా దాని పేరే చెబుతారు.

వీడియోల్లో మనం చూసేవి ఎక్కువగా ఇవే. కానీ పెర్సిమిలిస్ 30 డిగ్రీలు దాటి గాలి పొడిగా ఉంటే నీరసిస్తుంది, తేమ 60 శాతం లోపు పడిపోతే దాని గుడ్లు ఎండిపోతాయి. ఎర్రనల్లికి మాత్రం ఆ పొడి వేడే పండగ. ఎన్‌కార్సియా ఫార్మోసా బాగా పట్టేది అక్కడి గాజు ఇళ్ల తెల్లదోమను, మన పొలాల్లో ఉండే బెమిసియా తెల్లదోమ మీద అంత బలంగా పనిచేయదు. పైగా విదేశీ మిత్ర పురుగులను ఎవరికి వారు తెప్పించుకోవడానికి వీల్లేదు, కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. పరాయి జీవి ఇక్కడ ఏం చేస్తుందో తెలియకుండా వదలకూడదు కాబట్టి ఆ నియమం సబబే.

అందుకే మన దగ్గరి జీవులే దిక్కు. నియోసియులస్ లాంగిస్పైనోసస్ మన దేశపు పరభక్షక నల్లి, వేడికి కొంత అలవాటు పడింది. బ్లాప్టోస్టెథస్ అనే చిన్న పరభక్షిని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పెద్ద ఎత్తున పెంచే పద్ధతి తయారుచేసింది, కోర్సిరా అనే ధాన్యపు పురుగు గుడ్లే దానికి మేత. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇలాంటి వాటిని రైతు స్థాయిలో పెంచడంలో శిక్షణ ఇస్తుంది.

ఇక్కడ పరిమాణం గురించి కూడా అనుకోవాలి. 20 గుంటలంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 50 చొప్పున పరభక్షక నల్లిని వదలాలంటే లక్ష కావాలి. అవి ప్రాణంతో, చల్లగా, ఒకటి రెండు రోజుల్లో తోట చేరాలి. వేసవిలో బస్సు పార్శిల్‌లో వేస్తే దారిలోనే పోతాయి. కాబట్టి దసరా నుంచి శివరాత్రి దాకా వీటి మీద ఆధారపడటం, ఎండలు ముదిరాక షేడ్‌నెట్, నీటిని పొగమంచులా చల్లే ఫాగర్లతో చల్లబరిచి వేప, సబ్బు నీళ్ల వంటి వాటివైపు మొగ్గడం మన ప్రాంతానికి పొసిగే పద్ధతి అనిపిస్తుంది.

బవేరియా సీసా లోపల ఉన్నది ప్రాణి

బవేరియా బూజు పురుగు చర్మం మీద మొలకెత్తి లోపలికి దిగి చంపుతుంది. 1835లో ఇటలీలో అగోస్టినో బస్సీ పట్టుపురుగులకు సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడే జబ్బు దీనివల్లే వస్తుందని నిరూపించాడు. అందుకే పట్టుపురుగులు పెంచేచోట దీన్ని వాడకూడదు. మొలకెత్తడానికి తేమ కావాలి, ఎండలోని అతినీల కిరణాలు తగిలితే చచ్చిపోతుంది. పొద్దు గూకాక, ఫాగర్ పెట్టి కొడితే పనిచేస్తుంది. పురుగు చావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. మర్నాడే చూసి "బతికే ఉన్నయి" అని నిరాశపడొద్దు. ఈలోగా శిలీంధ్రాలను చంపే తెగులు మందు కొడితే అది పురుగును వదిలి మన బూజును చంపుతుంది.

బయో అని రాసినవన్నీ ఇవి కావు. బవేరియా, ట్రైకోడెర్మా అనే మరో మేలు చేసే బూజు, వేప మందులు కూడా 1968 పురుగు మందుల చట్టం కింద రిజిస్టర్ కావాల్సిందే. సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఏ జీవి ఉంది, గ్రాముకు ఎంత ఉంది, తయారీ తేదీ, గడువు ఉండాలి. అవి లేకుండా "బయో" అని మాత్రమే ఉండి, కొట్టిన గంటలోనే పురుగు రాలిపోతే సంతోషించకండి. బూజు గంటలో చంపలేదు. లోపల ఉన్నది రసాయనం అయి ఉండొచ్చు, అదే నిజమైతే మీ మిత్ర పురుగులూ పోతాయి.

కషాయాల మీద రెండు వాదనలు

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు నీమాస్త్రం, దశపర్ణి కషాయం, అగ్నిఅస్త్రం చాలంటారు. వాళ్ల మాటలో బలం ఉంది. ఖర్చు తక్కువ, సరుకు ఊళ్లోనే దొరుకుతుంది, అప్పు చేయక్కర్లేదు. వేపలోని అజాడిరక్టిన్ పురుగు తిండిని, పొర విడవడాన్ని, గుడ్లు పెట్టడాన్ని దెబ్బతీస్తుంది, దాని మీద ఎన్నో పరిశోధనలు ఉన్నాయి. శాస్త్రవేత్తలు అడిగే ప్రశ్నకూ బలం ఉంది. ఒక కుండలో కాచిన కషాయం, ఇంకో కుండలోది ఒకే బలంతో ఉండవు, మరి మోతాదు ఎలా చెప్పాలి?

నాకు కనిపించేది ఏమిటంటే, పురుగు మెల్లగా మొదలైనప్పుడే ముందుగా కొడితే వేప బాగా పనిచేస్తుంది, పురుగు తోటను కమ్మేశాక పనిచేయదు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది. నికోటిన్ మొక్కలోంచి వచ్చినా విషమే, మిత్ర పురుగుకూ, కొట్టే మనిషికీ. సహజం అయినంత మాత్రాన మెత్తనిది అనుకోకూడదు.

ఇక రసాయనం అసలే వద్దా అన్నదానికి వైరస్ దగ్గర జవాబు కష్టమవుతుంది. మిత్ర పురుగులు శత్రువును పూర్తిగా తుడిచిపెట్టవు, కొంత మిగులుస్తాయి. ఆ మిగిలినదే వాటి రేపటి మేత. నల్లి విషయంలో కొంత మిగిలినా పంటకు నష్టం లేదు. కానీ వైరస్ మోసే తెల్లదోమ పది మిగిలినా పది మొక్కలకు అంటించగలదు. బొబ్బర ఉన్న మిర్చి చేల పక్కన పాలీహౌస్ ఉంటే వల, జిగురు అట్టలు, జబ్బు మొక్కను వెంటనే పీకడం ముందు వరుసలో ఉండాలి, మిత్ర పురుగులు రెండో వరుసలో.

మట్టి కింద, మే ఎండ

పాలీహౌస్ రెండు మూడేళ్లు తిరిగేసరికి రైతును ఎక్కువగా దెబ్బతీసేది కంటికి కనిపించని నులిపురుగు. ఒకే బెడ్ మీద కీర, క్యాప్సికం, టమాటా మార్చి మార్చి వేసినా అన్నీ దానికి మేతే. మధ్యాహ్నం మొక్క వాడి, సాయంత్రం తేరుకుంటుంటే పీకి చూడండి, వేళ్ల మీద బుడిపెలు ఉంటాయి.

పెర్సిమిలిస్‌ను చంపే మన ఎండ ఇక్కడ పనికొస్తుంది. పంట తీసేసి, బెడ్లను బాగా తడిపి, పలుచటి పారదర్శక పాలిథిన్ షీటు గాలి చొరకుండా కప్పి, ఏప్రిల్ చివరి నుంచి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పై మట్టి వేడికి నులిపురుగులు, వాటి గుడ్లు, మట్టిలో దాక్కున్న తామర పురుగులు కూడా చాలావరకు పోతాయి. నల్ల షీటు వేయకూడదు, ఎండ మట్టి దాకా దిగదు. లోతున ఉన్న నులిపురుగులు మాత్రం చావవు. వేళ్లు దిగేకొద్దీ అవి పైకి వస్తాయి. అందుకే షీటు తీశాక నాటే ముందు బెడ్లలో వేపపిండి, పశువుల ఎరువులో కలిపి పెంచిన పర్ప్యూరియోసిలియం బూజు వేస్తారు. ఆ బూజు నులిపురుగు గుడ్లను తింటుంది. మధ్యలో ఒక పంట కాలం బంతి వేయగలిగితే ఇంకా మంచిది.